ఇందులో సైనికుడేడీ?

ఫోటోలు పంపిన ప్రతిసారీ
దూరదేశపు పత్రికాయన అడిగేది ఒక్కటే:
"బాగుందమ్మా, కానీ ఇందులో సైనికుడేడీ?"

నేను పంపింది ఒక ఫ్రిజ్ ఫోటో.

అల్-ఖలీల్ పాతబజారులో
ఉమ్ నాయిఫ్ ఇంటికి వీధితలుపు లేదు.
లేకేం, ఉంది.
ఇరవయ్యేళ్ల కిందట బయటినుంచి వెల్డింగ్ చేసి పోయారు.
అప్పట్నుంచీ ఆ ఇంట్లోకి
కొత్తకోడలైనా, గ్యాస్ బండైనా, పురుడు పొయ్యడానికొచ్చిన మంత్రసానైనా
పక్కింటివాళ్ల మేడమీంచే.

ఫ్రిజ్ కూడా అలాగే వచ్చింది.
రెండు నిచ్చెనలు, పాత దుప్పటి, ఆరుగురు మగాళ్లు,
ఎనిమిదిమంది సలహాదారులు.
"మెల్లగా! మీ నాన్నని దేవుడు చల్లగా చూడ, మెల్లగా!"
రెండు మేడల మధ్య ఆకాశంలో
తెల్లగా, అడ్డంగా, ఓ క్షణం ఆగింది.
నొక్కాను.

కింద శీర్షిక రాశాను: శవపేటికలా.
ఉమ్ నాయిఫ్ చదివించుకుని మండిపడింది.
"ఫ్రిజ్‌ని ఫ్రిజ్ అని రాయడానికి నీకేం నొప్పే?
ఎనిమిది నెలలు వాయిదాలు కట్టాను దానికి."

కొట్టేశాను.

నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది వస్ఫీ మామయ్య.
ఆయన స్టూడియోలో గోడకి ఒక తెల్లగుడ్డ, ముందు ఒక స్టూలు.
పర్మిట్ ఫోటోకి నవ్వకూడదు,
చెవులు కనపడాలి, గడ్డం కాస్త పైకి.
అది అయ్యాక ఆయన గుడ్డ పక్కకి లాగేసి
"ఇప్పుడు నీకోసం ఒకటి" అనేవాడు.
డబ్బులు తీసుకునేవాడు కాదు.
ఆ రెండో ఫోటోలన్నీ ఒక చెప్పుల డబ్బాలో ఉన్నాయి.
పర్మిట్ రానివాళ్లు, వచ్చినా తిరిగిరానివాళ్లు,
పన్ను ఊడిన నవ్వుతో ఒక మేస్త్రీ,
అప్పుడే బొమ్మలా కళ్లు మూసేసిన ఒక నర్సు.

ఇవాళ మధ్యాహ్నం సుగంధద్రవ్యాల కొట్టు దగ్గర నిలబడ్డాను.
బజారు మీద ఇనపవల కట్టి ఉంటుంది,
పై అంతస్తుల సెటిలర్లు విసిరేవి
కిందివాళ్ల నెత్తిన పడకుండా.
వలలో మూడేళ్లుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇరుక్కుని ఉంది.
కొట్టు అబ్బాయి ఉసైద్‌కి గడియారంతో పనిలేదు.
"కుర్చీ నీడ వచ్చి నా సుమాక్ బస్తా మీద కూర్చుంటే
జుహర్ నమాజు వేళ.
మబ్బు పట్టిన రోజు మాత్రం కొంచెం ఆలస్యమవుతుంది."
ఎర్రటి పొడి మీద నాలుగు కాళ్ల నీడ.
అది కూడా పంపాను.

రాత్రి ఉమ్ నాయిఫ్ మఖ్లూబా వండింది,
ఫ్రిజ్ వచ్చిన సంబరానికి.
గిన్నె మీద పళ్లెం మూసి, గుండెకి ఆనించుకుని,
బిస్మిల్లా అంటూ ఒక్క ఉదుటున తిరగేసింది.
ఇక గిన్నె ఎత్తాలి.
అందరం ఊపిరి బిగబట్టాం:
అన్నం గోపురంలా నిలుస్తుందా, కూలుతుందా,
వంకాయ అడుగంటిందా?

సరిగ్గా అప్పుడే మిద్దె మీద బూట్లు.
నాలుగు జతలో, ఐదో.
నీళ్ల ట్యాంకు పక్కనుంచి, బట్టల తీగ కిందనుంచి,
మా నెత్తిమీదికి.
ఆమె చెయ్యి ఆగలేదు.
చెంచాతో గిన్నె అడుగున తట్టింది, ఏడుసార్లు, లెక్కపెట్టి.

నొక్కాను.
తొమ్మిది మొహాలు.
ఎనిమిది గిన్నెని చూస్తున్నాయి.
నాలుగేళ్ల తాలా ఒక్కతే పైకప్పుని.

పంపాను. శీర్షిక: మఖ్లూబా.
జవాబు ఇంకా రాలేదు.

అన్నం నిలిచింది, ఓ పక్క కొంచెం జారినా.
బూట్లు తెల్లవారుజాము దాకా పైనే ఉన్నాయి.
మిగిలింది డబ్బాలో సర్ది లోపల పెట్టి
ఉమ్ నాయిఫ్ తలుపు మూసింది,
మళ్లీ తెరిచింది, లోపలి లైటు వెలుగుతోందో లేదో చూడ్డానికి,
మళ్లీ మూసింది.